కాయలు, మొగ్గలు, కుండలు

ఆనపకాయ బుర్ర మట్టికుండ కన్నా పాత పాత్ర. అరకు లోయ, అనంతగిరి, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు కొండల్లో ఇది తరాలుగా ఇంటి సామాను. కాయను పాదు మీదే ముదరనిస్తారు. తొడిమ దగ్గర చిన్న బెజ్జం చేసి, లోపలి గుజ్జు కుళ్లి వదులయ్యాక గింజలతో సహా గిలకరించి బయటికి పోస్తారు. తర్వాత ఎండబెడతారు. గుజ్జులో కుకుర్బిటసిన్లనే చేదు పదార్థాలు ఉంటాయి. అందుకని కొత్త బుర్రలో పలుమార్లు నీళ్లు నింపి పారబోసి, చేదు విరిగాకే వాడకంలోకి తెస్తారు. పోడు చేనుకు వెళ్లేవాళ్ల చోడి అంబలి, తాగునీళ్లు, చెట్టు దిగిన జీలుగు కల్లు అన్నీ ఇందులోనే ప్రయాణిస్తాయి. మెడ పొడుగ్గా ఉన్న కాయను నిలువునా కోస్తే గరిటె, అడ్డంగా కోస్తే గిన్నె.

కోస్తా దక్షిణాన, తెలంగాణలో సొరకాయగా తెలిసిన ఈ కాయకు శాస్త్రీయ నామం లాజెనేరియా సిసెరేరియా. పుట్టిల్లు ఆఫ్రికా. పాత్ర కోసం మనిషి పెంచిన మొక్కల్లో ఇదే అతి పాతది కావచ్చునని పురావృక్ష శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అమెరికా ఖండాల్లో కూడా వేల ఏళ్ల నాటి బుర్ర పెంకులు దొరికాయి. ఆఫ్రికా కాయ అంత దూరం ఎలా చేరిందన్న ప్రశ్నకు 2014లో వెలువడిన జన్యు పరిశోధన ఒక జవాబు ఇచ్చింది: సముద్ర ప్రవాహాల మీద తేలుతూ అట్లాంటిక్ దాటి ఉండాలి. ఎండిన బుర్ర నీళ్లు పీల్చదు, నెలల తరబడి తేలుతుంది, లోపలి గింజ మొలకెత్తే శక్తిని పోగొట్టుకోదు. అడవి రకాల పెంకు పలచన. మనిషి పెంపకంలోకి వచ్చాకే అది మందమైంది. పాత్రగా పనికొచ్చే కాయల గింజలనే ప్రతి ఏడూ దాచి విత్తుకున్న ఫలితం అది. అంటే బుర్ర ఆకారంలో సగం ప్రకృతిది, సగం రైతుది. లేత కాయకు తాడు బిగించి నడుము తెప్పించడం, వంపు తిప్పడం కూడా చాలా దేశాల్లో ఉంది.

పక్కనే ఉన్న బస్తర్‌లో బుర్ర మీద కాల్చిన కత్తితో బొమ్మలు దిద్దే పని ఒక చేతివృత్తిగా నిలిచింది. తెలంగాణ కిన్నెర వాద్యానికి స్వరం ఇచ్చేది కూడా ఈ బుర్రే. ఇక కొండల్లో వెదురు బొంగు, అడ్డాకు విస్తరి కూడా మొలిచిన పాత్రలే. అయితే మట్టిపని మీద అన్నిటికన్నా బలమైన ముద్ర వేసింది మాత్రం ఆనపకాయ. గుండ్రటి పొట్ట, సన్నటి మెడ, కాస్త విచ్చుకున్న మూతి అన్న మూడింటి కలయిక ప్రపంచంలో కుండ చేసిన దాదాపు ప్రతి సమాజంలోనూ కనిపిస్తుంది. పెంకు మట్టిలో కలిసిపోయే వస్తువు కాబట్టి తవ్వకాల్లో బుర్రలు అరుదుగా దొరుకుతాయి. వాటి రూపాన్ని ఎత్తుకున్న కుండలు మాత్రం దొరుకుతూనే ఉంటాయి.

కుండకు మట్టి కావాలి. ఆ మట్టి కథ ఈ కొండల్లో రాయి నుంచి మొదలవుతుంది. తూర్పు కనుమల ప్రధాన శిలకు 1902లో భూగర్భ శాస్త్రజ్ఞుడు టి. ఎల్. వాకర్ ఖొండలైట్ అని పేరు పెట్టాడు. ఈ కొండల్లో నివసించే కోదు, అంటే ఖోండ్, జాతి పేరే ఆ శిలకు దక్కింది. గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, అక్కడక్కడ గ్రాఫైట్ కలిసిన ఈ రాయి ఎంతో లోతున, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై రూపు మారిన పూర్వపు బురద. కోట్ల ఏళ్ల తర్వాత కొండగా పైకి లేచి, వానకూ ఎండకూ చితికి, మళ్లీ మట్టి అవుతోంది.

ఈ చితకడంలో ఖనిజాలు వేర్వేరు దారులు పడతాయి. వాన నీటిలోని స్వల్పమైన ఆమ్లత ఫెల్‌స్పార్‌లోని పొటాషియాన్ని, సోడియాన్ని కడిగేస్తుంది. మిగిలేది కయోలిన్, అంటే తెల్లటి పింగాణీ మట్టి. గార్నెట్‌లోని ఇనుము తుప్పు పట్టి నేలకు ఎర్రదనం ఇస్తుంది. కొండ నెత్తిన నీరు బాగా ఇంకి దిగిపోయే చోట సిలికా కూడా కొట్టుకుపోయి అల్యూమినియం ఆక్సైడ్ మిగిలితే అది బాక్సైట్. గాలికొండ శిఖరం మీది నిల్వలు అలా ఏర్పడినవే. క్వార్ట్జ్ మాత్రం కరగక ఇసుకగా మిగులుతుంది. ఒకే రాయి నుంచి పింగాణీకి కావలసిన తెల్లమట్టి, ఎర్రకుండకు రంగునిచ్చే ఇనుము, కుండ పగలకుండా కాపాడే ఇసుక రావడం ఈ కొండల విశేషం.

రాయి చితికిన చోటే ఉన్న మట్టికి మాత్రం సాగే గుణం తక్కువ. దాని రేణువులు ముతకగా ఉంటాయి. వాగులు దాన్ని మోసుకుపోయి, ముతకదాన్ని దారిలో వదిలి, అతి సన్నటి రేణువులను పల్లపు పొలాల్లో, చెరువు అడుగున నిలిపినప్పుడే కుమ్మరికి పనికొచ్చే బంకమట్టి తయారవుతుంది. గోస్తని నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, భీమిలి దగ్గర సముద్రంలో కలిసే లోపు చేసే పనుల్లో ఇదీ ఒకటి. ఒక మిల్లీమీటరును అయిదు వందల భాగాలు చేస్తే, బంకమట్టి రేణువు సైజు అందులో ఒక భాగం కన్నా తక్కువ. కయోలినైట్ రేణువు పలచటి ఆరు పలకల బిళ్ల. బిళ్లల మధ్య నీటి పొర ఉన్నంతసేపూ అవి ఒకదాని మీద ఒకటి జారుతాయి గానీ విడిపోవు. నొక్కితే ఒదిగి, వదిలితే ఆ రూపంలోనే నిలిచే గుణం ఇందులోంచి వచ్చిందే.

కుమ్మరి సారె మీద ముందు రూపు దిద్దుకునేది కుండ మూతి, మెడ. ఆ దశలో గోడ మందంగానే ఉంటుంది. సారె మీద నుంచి దింపి, కొంచెం ఆరనిచ్చి, లోపల గుండ్రటి రాయి ఆనించి బయట చెక్కతో తడుతూ పొట్టను పెంచుతారు. ప్రతి దెబ్బకూ గోడ కాస్త పలచబడి, కుండ కాస్త ఉబ్బుతుంది. అడుగు మూసుకుంటుంది. చూపుకు ఇది కాయ ఊరినట్టే ఉంటుంది; భౌతికంగానూ పోలిక నిజమే. కాయలో కణాల లోపలి నీటి ఒత్తిడి తొక్కను బయటికి తోస్తే, కుండలో ఆ పని రాయీ చెక్కా చేస్తాయి. సాగే గోడ లోపలి నుంచి వచ్చే తోపుడుకు లొంగిన ప్రతిచోటా అంచులు మాయమై గుండ్రదనం వస్తుంది. చెక్క దెబ్బల వల్ల ఇంకో లాభం ఉంది. చిందరవందరగా ఉన్న బంకమట్టి బిళ్లలు గోడకు సమాంతరంగా సర్దుకుంటాయి, గాలి బుడగలు పోతాయి. కొద్ది మిల్లీమీటర్ల మందమే ఉన్న కడవ నిండా నీళ్లతో నడుం మీద నిలవగలిగేది అందుకే.

గుండ్రదనం అందం కోసం వచ్చింది కాదు. ఒక లీటరు నీళ్లు పట్టే గోళానికి సుమారు 484 చదరపు సెంటీమీటర్ల గోడ చాలు. అంతే నీళ్లు పట్టే ఘనాకారపు పెట్టెకు 600 కావాలి. అంటే పెట్టె ఆకారానికి దాదాపు పావు వంతు మట్టి, పావు వంతు కట్టెలు ఎక్కువ ఖర్చు. బలం లెక్కలోనూ గోళానిదే పైచేయి. ఒకే మందం, ఒకే వ్యాసార్థం ఉన్న గొట్టం గోడకన్నా గోళపు గోడలో లోపలి ఒత్తిడి పుట్టించే లాగుడు సగమే. పైగా బంకమట్టి ఆరేటప్పుడు నూటికి అయిదు నుంచి పది పాళ్ల దాకా పొడవు తగ్గి ముడుచుకుంటుంది. మూల ఉన్న పాత్రలో రెండు గోడలు రెండు దిక్కులకు లాగుతాయి. చీలిక అక్కడే మొదలవుతుంది. పొయ్యి మీదా అంతే. బల్లపరుపు అడుగు, నిలువు గోడ కలిసేచోట వేడి అసమానంగా పాకి కుండ పగులుతుంది. గుండ్రటి అడుగును మంట అన్నివైపులా సమంగా నాకుతుంది. మూడు రాళ్ల పొయ్యికి, కుదురుకు, నేలలో చేసిన చిన్న గుంటకు అదే అడుగు చక్కగా ఒదుగుతుంది.

తర్వాత ఆవం. పచ్చి కుండలను కట్టెలు, పిడకలు, గడ్డి మధ్య పేర్చి, పైన మట్టి, పెంకులు కప్పి కాలుస్తారు. ఇందులో వేడి సాధారణంగా 600 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 100 డిగ్రీల దగ్గర మిగిలిన తేమ ఆవిరవుతుంది. మంట తొందరపడితే ఆ ఆవిరే కుండను పేల్చేస్తుంది. 500 నుంచి 600 డిగ్రీల మధ్య కయోలినైట్ అణువుల్లో బంధించి ఉన్న నీరు బయటికి పోతుంది. దాని బరువులో అది సుమారు 14 శాతం. ఈ గీత దాటిన మట్టి మళ్లీ నీటిలో కరగదు. వానకు కరిగే బురదకూ, వెయ్యేళ్లు నిలిచే పెంకుకూ మధ్య ఉన్న తేడా అంతా ఈ ఒక్క మార్పే. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ స్ఫటికం ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మళ్లీ కుంచించుకుంటుంది. అందుకని ఆవాన్ని ఒక్కసారిగా విప్పరు.

గాలి బాగా ఆడితే ఇనుము ఎర్రటి ఆక్సైడ్‌గా మారి కుండ ఎర్రబడుతుంది. చివర్లో ఊకతో, తడి ఆకులతో కప్పి గాలి ఆపితే పొగలోని కార్బన్ గోడలోకి దిగి, ఇనుము నల్లటి రూపంలోకి మారి, నల్లకుండ వస్తుంది. ఈ వేడిలో కాలిన గోడ పూర్తిగా మూసుకోదు. సన్నటి రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. ఒక లీటరు ఆవిరి కావాలంటే దాదాపు 2400 కిలోజౌళ్ల వేడి కావాలి. కడవ నీటి చల్లదనం వెనక ఉన్నది ఈ అంకె. ఎండిన ఆనపకాయ పెంకు ఇంతగా చెమర్చదు. అందుకే మోసుకెళ్లడానికి బుర్ర, ఇంట్లో నీళ్లకు కడవ, కాయడానికి కుండ. బుర్రకు నిప్పు పనికిరాదు. కాయ రూపాన్ని మట్టిలోకి దించడంతో ఆ రూపం మొదటిసారి పొయ్యెక్కింది.

ప్రాణి రూపాన్ని మట్టిలో తీర్చడం తెలుగు నేల మీద చాలా పాతది. కడప జిల్లా శంకవరంలో దొరికిన పొట్టేలు ఆకారపు మట్టి శవపేటిక బృహత్ శిలాయుగపు సమాధుల నాటిది. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఆ పేటికను చూస్తే, పెద్ద తొట్టిని పగలకుండా కాల్చగల నేర్పు ఆనాటికే ఉందని తెలుస్తుంది. అమరావతి శిల్పాల్లో పూర్ణఘటం మరో దిశలో ఆలోచించింది. అక్కడ పాత్ర కాయను అనుకరించదు; పొట్ట నిండా జీవం పెట్టుకుని మూతి నుంచి తామరలుగా పొంగుతుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చిహ్నం నడుమ చేరింది ఆ ఘటమే.

ఆసియా తూర్పు కొసన కాయ రూపాన్ని పాత్రకు ఇచ్చే ఆలోచన ఇంకా ముందుకు వెళ్లింది. చైనాలో రెండు పొట్టల సొరబుర్ర కూజా దీర్ఘాయువుకు గుర్తుగా శతాబ్దాలపాటు సాగింది. కొరియాలో గొర్యో వంశపు రాజు ఇంజొంగ్ సమాధిలో దొరికిన కూజా లేత ఆకుపచ్చ గ్లేజుతో, అంటే గాజు పొరతో, దోసపండు తొనల్లాంటి గాడులతో ఉంటుంది. రాజు మరణించింది 1146లో. తొనల గాడులు అలంకారంగా కనిపించినా వాటి పుట్టుకకు యాంత్రిక కారణం ఉంది. గుమ్మడి, దోస వంటి కాయల్లో తొక్క పెరుగుదలకూ లోపలి గుజ్జు పెరుగుదలకూ తేడా వస్తే, గట్టి తొక్క మడతలు పడి ఆ ఒత్తిడిని తీర్చుకుంటుంది. కాయ ఎంత గుండ్రం, తొక్క ఎంత మందం, ఎంత గట్టి అన్నదాన్ని బట్టి ఎన్ని తొనలు పడేదీ లెక్కకట్టవచ్చునని 2008లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. పలచటి రేకును ముడతలు వేస్తే బలపడినట్టు, గాడులు పడిన కుండ గోడ కూడా వంగకుండా నిలుస్తుంది.

ఐరోపాలో పందొమ్మిదో శతాబ్దం చివర ఫ్యాక్టరీ పింగాణీ ఏకరూపత మీద విసుగు పుట్టింది. ఒక మనిషి తన చిన్న పనిశాలలో, తన బట్టీలో, మొదటి నుంచి చివరి దాకా తానే చేసే పింగాణీకి స్టూడియో సెరామిక్స్ అన్న పేరు స్థిరపడింది. 1878 పారిస్ ప్రదర్శనలో జపాన్ స్టోన్‌వేరు, అంటే ఎక్కువ వేడిలో కాల్చిన మట్టిసామాను, చూసి చలించిన శిల్పి జాఁ కారియెస్ తర్వాత పదేళ్లకు సెంత్ అమాఁ అనే కుమ్మరి ఊరికి చేరి, సొరబుర్రల్లా, వడలిన పండ్లలా ఉండే కూజాలు చేశాడు. 1894లో ముప్ఫై తొమ్మిదో ఏట చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. అదే కాలంలో అడ్రియాఁ దాల్పెరా ఎర్రటి రాగి గ్లేజుల కింద కాయల రూపాలు తీర్చాడు. ఇంగ్లండులో బెర్నార్డ్ లీచ్, జపాన్ కుమ్మరి హమాదా షోజి కలిసి 1920లో సెంట్ ఐవ్స్‌లో నెలకొల్పిన పనిశాల ఈ ఉద్యమానికి పాఠశాల అయింది.

సజీవ రూపాలను మట్టిలో అందరికన్నా లోతుగా వెతికినవాడు డెన్మార్క్ కళాకారుడు ఆక్సెల్ సాల్టో. జననం 1889, మరణం 1961. మొదట చిత్రకారుడు. రాయల్ కోపెన్‌హేగెన్ సంస్థతో కలిసి చేసిన స్టోన్‌వేరు ఆయనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది. 1951 మిలాన్ ట్రియెన్నాలేలో గ్రాండ్ ప్రీ దక్కింది. ఆయన కూజాలు మూడు తీరులు. మొదటిది గాడుల తీరు. రెండోది మొగ్గల తీరు: కుండ ఒళ్లంతా వరుసల్లో పొక్కినట్టు గుబ్బలు. మూడోది మొలకల తీరు: ఆ గుబ్బలే సాగి, కొమ్ములై, కొనలు తిరిగి, కుండ గోడ బద్దలు కొట్టుకుని బయటికి వస్తున్నట్టు ఉంటాయి. ప్రకృతి వస్తువును కాపీ చేయడం ఆయన లక్ష్యం కాదు. ప్రకృతి ఏ పద్ధతిలో పెంచుతుందో ఆ పద్ధతిలో మట్టిని పెంచాలన్నది ఆయన పట్టుదల. అరకు సంతలో పనసకాయనో అనాసపండునో దగ్గరగా చూసినవారికి ఆ మొగ్గల తీరు కొత్త కాదు. ఆ కాయల మీది ప్రతి ముల్లూ, ప్రతి కన్నూ ఒక పువ్వు మిగిల్చిన గుర్తు. ఎదిగే మొనలో ఒక మొగ్గ పుట్టాక తర్వాతి మొగ్గకు ఎక్కువ చోటు దొరికే దిక్కు చాలా మొక్కల్లో దాదాపు 137.5 డిగ్రీల దూరంలో ఉంటుంది. అనాస కళ్ల వరుసలు 8, 13, 21 లెక్కల్లో మెలితిరగడం దాని ఫలితమే.

ఆ తరం ఈ రూపాల వైపు ఒక్కసారిగా తిరగడానికి పుస్తకాలూ తోడ్పడ్డాయి. 1917లో డార్సీ థాంప్సన్ 'ఆన్ గ్రోత్ అండ్ ఫామ్' జీవుల ఆకారాలను భౌతిక బలాల ఫలితంగా వివరించింది. 1928లో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ ఎన్నో రెట్లు పెద్దవి చేసి అచ్చు వేసిన మొగ్గలు, గింజతొడుగులు, చుట్టుకున్న ఫెర్న్ కొసల ఫొటోలు కళాకారుల బల్లల మీదికి చేరాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ మెత్తని వంపులు ఫ్యాక్టరీ సామానులోకీ దిగాయి. ఈవా జైజెల్ రూపకల్పనలో 1946 ప్రాంతంలో అమెరికా రెడ్ వింగ్ సంస్థ తెచ్చిన భోజన పాత్రలు ఒకదాన్నొకటి ఒరుసుకున్న ప్రాణుల్లా ఉంటాయి. స్వీడన్‌లో స్టిగ్ లిండ్‌బెర్గ్ ఆకుల ఆకారపు గిన్నెలు చేశాడు. ఇప్పుడు పాత స్టూడియో పింగాణీగా సేకర్తలు వెతుకుతున్నవాటిలో ఎక్కువ భాగం 1930 నుంచి 1970 మధ్య దశాబ్దాలవే.

ఈ కూజాలకూ ఆవపు కుండకూ మధ్య ఉన్న పెద్ద తేడా వేడి. స్టోన్‌వేరు 1200 నుంచి 1300 డిగ్రీల మధ్య కాలుతుంది. ఆ వేడిలో ఫెల్‌స్పార్ కరిగి మట్టి రేణువుల సందులను గాజుగా నింపేస్తుంది. గోడ నీళ్లు పీల్చడం మానేస్తుంది. అరకు పల్లపు ఎర్రమట్టిని అలాగే తీసుకెళ్లి ఆ వేడిలో పెడితే నిలవదు. దానిలోని ఇనుము మట్టిని ముందే కరిగించి కుండను ఉబ్బించి వంచేస్తుంది. తెల్ల కయోలిన్ ఒక్కటే అయితే 1700 డిగ్రీలు దాటినా కరగదు, సారె మీద సరిగా లేవదు. సాగే బంకమట్టి, కరగని కయోలిన్, కరిగే ఫెల్‌స్పార్, నిలబెట్టే క్వార్ట్జ్ తగిన పాళ్లలో కలిపితేనే స్టోన్‌వేరు మట్టి. ఖొండలైట్ కొండ విడివిడిగా పంచి ఇచ్చిన సరుకులనే కుమ్మరి మళ్లీ ఒకచోట కలుపుతాడు.

గ్లేజు కథ ఇంకా ముచ్చటైనది. గ్లేజు అంటే కుండ మీద కరిగి అతుక్కున్న గాజు పొర. దానికి గాజునిచ్చే సిలికా, జారిపోకుండా పట్టి ఉంచే అల్యూమినా, కరిగే వేడిని తగ్గించే ఫ్లక్స్ కావాలి. కట్టెల బూడిదలో సున్నం, పొటాష్ దండిగా ఉంటాయి కాబట్టి అది ఫ్లక్సు. వరి ఊక బూడిదలో సుమారు 90 శాతం సిలికానే. రెండు బూడిదలూ, కొంచెం మట్టీ కలిపితే 1250 డిగ్రీల ప్రాంతంలో గ్లేజు అవుతుంది. చైనా కుమ్మరులు బట్టీలో ఎగిరిన బూడిద కుండ భుజాల మీద పడి మెరవడం చూసి ఈ సంగతి కనిపెట్టారు. వేరు నేల నుంచి పీల్చి ఆకులో, కాండంలో దాచిన ఖనిజాలు నిప్పు దాటి మళ్లీ కుండ మీద పరుచుకుంటాయన్నమాట. వంద భాగాలకు ఒకటో రెండో ఇనుము ఉండి, బట్టీలో గాలి తగ్గిస్తే ఆకుపచ్చ వస్తుంది. ఎక్కువైతే గోధుమ రంగు, నలుపు.

మొగ్గలున్న కుండకు గ్లేజు అద్భుతంగా అమరడానికి కారణమూ ఇక్కడే ఉంది. కరిగిన గ్లేజు చిక్కటి ద్రవం. తలతన్యత దాన్ని గుబ్బ కొన నుంచి వెనక్కు లాగుతుంది, బరువు కిందికి జార్చి పల్లంలో నింపుతుంది. కొన మీద పొర పలచబడి కింది మట్టి గోధుమ రంగు తేలుతుంది. గాడిలో మందంగా నిలిచి చిక్కటి రంగు పడుతుంది. ఒకే గ్లేజు ఒకే కుండ మీద పది రంగుల ఛాయలు చూపుతుంది. సాల్టో ఇష్టపడిన సొల్ఫతారా గ్లేజు గొప్పతనం ఇదే: గుబ్బ ఎక్కడ లేచిందో, పల్లం ఎక్కడ దిగిందో రంగే చెబుతుంది. నున్నటి గోడ మీద అదే గ్లేజు మామూలుగా కనిపిస్తుంది. కుంచెతో దిద్దిన ఆకుల బొమ్మ కన్నా ఇలా రూపం నుంచి పుట్టిన రంగు ఎప్పుడూ మేలు.

భారతదేశంలో స్టూడియో కుమ్మరపనికి ఆద్యుడు సర్దార్ గురుచరణ్ సింగ్. 1898లో పుట్టిన ఆయన చదివింది భూగర్భ శాస్త్రం. 1919లో జపాన్ వెళ్లి లీచ్, హమాదాల పరిచయం పొంది, తిరిగి వచ్చి, 1952లో ఢిల్లీ బ్లూ పాటరీ స్థాపించారు. 1995లో మరణించేదాకా ఆయన దగ్గర పని నేర్చిన వారు దేశమంతా పనిశాలలు పెట్టారు. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ పుదుచ్చేరిలో ప్రారంభించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ దక్షిణాదికి స్టోన్‌వేరు నేర్పింది. బరోడాలో జ్యోత్స్నా భట్ తామర మొగ్గలు, గింజతొడుగులు, పిల్లులు, పక్షులు మట్టిలో తీర్చారు. ఆమె మెరుపు తగ్గించిన ఆకుపచ్చ, నీలి గ్లేజులు ఆ రూపాల మెత్తదనాన్ని కాపాడాయి. వీరి పనికి గ్యాలరీలు, కేటలాగులు ఉన్నాయి. కొండల సంతకు కావడి మీద వచ్చిన కడవ మీద చేసినవారి పేరు ఉండదు. ఈ తేడా వస్తువు విలువది కాదు, అమ్మే చోటుది.

పాత పాత్ర ఏదో, ఎలా చేశారో తెలుసుకోవడానికి ముందు దాన్ని బోర్లించాలి. రాయల్ కోపెన్‌హేగెన్ సరుకు అడుగున మూడు అలల గుర్తు ఉంటుంది. అవి డెన్మార్క్ మూడు జలసంధులకు సంకేతం. సాల్టో పేరు పచ్చిమట్టి మీద గీసి ఉంటుంది. గ్లేజు ఎక్కని అడుగు వలయం మట్టి రంగును చూపిస్తుంది. తర్వాత లోపలి గోడ. సారె మీద లేచిన కుండ లోపల వేళ్ల మెలిక చారలుంటాయి. బయట మొగ్గ ఉన్నచోట లోపల సమానమైన గుంట ఉంటే పలచటి మట్టిని అచ్చులో పోసి చేసినది. వేలితో తోసినదైతే ఆ గుంటలు ఒకదానితో ఒకటి పోలవు. గుంటే లేకపోతే మొగ్గను బయట అతికించారన్నమాట. అతినీలలోహిత కిరణాల కింద పాత అతుకుల జిగురు, కొత్త రంగు వేరే కాంతితో బయటపడతాయి.

గ్లేజు లేని పాత కుండకు వేరే పరీక్షలున్నాయి. క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ రేణువులు చుట్టూ ఉన్న సహజ రేడియోధార్మికత నుంచి శక్తిని నెమ్మదిగా కూడబెట్టుకుంటాయి. ఆవంలో కాలినప్పుడు ఆ నిల్వ సున్నా అవుతుంది, మళ్లీ మొదలవుతుంది. చిన్న ముక్కను వేడిచేసి వెలువడే కాంతిని కొలిస్తే చివరిసారి ఎప్పుడు కాలిందో తెలుస్తుంది. దీనికి ఉష్ణదీప్తి పద్ధతి అని పేరు. వేల ఏళ్ల పెంకుకు ఇది పనికొస్తుంది. యాభై, అరవై ఏళ్ల కూజా విషయంలో దీని కొలతలోని పొరపాటు పరిధే ఎక్కువ కాబట్టి ముద్రలు, మట్టి, గ్లేజులే ఆధారం. వంటకుండ అయితే మసి ఎక్కడ అంటిందన్నది అది రాళ్ల మీద కూర్చుందా, కుంపటి మీదా అని చెబుతుంది. వండినవాటి కొవ్వులు గోడ రంధ్రాల్లోకి దిగి, వందల ఏళ్లు అక్కడే ఉంటాయి. గోడను కాస్త గీరి తీసిన పొడిని గ్యాస్ క్రొమటోగ్రఫీలో పరీక్షించి, అందులో ఉడికింది మాంసమా, పాలా, మొక్కల నూనెలా అన్నది గుర్తించగలుగుతున్నారు. అందువల్ల కొండ ఊళ్ల నుంచి మ్యూజియానికి చేరిన పాత వంటకుండను సబ్బుతో కడగరు, మసి గీకరు, నీళ్లలో నానబెట్టరు; మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపి, వట్టి చేతులు తగలకుండా కాగితంలో చుట్టి ఉంచుతారు.